మా ఇంట్లో అందరిదీ ఓ

ఆవిడకి తుంటి ఎముక విరిగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, గోదావరి పక్క పల్లెటూరు. తెల్లారగట్ల పెరట్లోకి వెళ్తూ నాచు మీద జారిపడింది. మా ఆస్పత్రికి తెచ్చేసరికి హిమోగ్లోబిన్ ఏడు. రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంటేగాని ఆపరేషన్ మొదలుపెట్టనని ఎముకల డాక్టరుగారు తేల్చి చెప్పారు.

బ్లడ్ బ్యాంకులో పనిచేసే డాక్టరుకి రోగుల మొహాలు తెలిసే అవకాశం తక్కువ. మా దగ్గరికి వచ్చేది మూత బిగించిన చిన్న ట్యూబు, దాని మీద పేరూ నంబరూ. నేను ఈవిడని వెతుక్కుంటూ వార్డుకి వెళ్ళానంటే కారణం ఒక్కటే. ఫ్రిజ్‌లో ఉన్న ఓ పాజిటివ్ సంచుల్లో ఒక్కటి కూడా ఆవిడకి సరిపడలేదు.

గ్రూపు చూసినప్పుడు ఏ తిరకాసూ కనపడలేదు. మా టెక్నీషియన్ కుర్రాడు నీలం రంగు యాంటీ-ఎలో ఆవిడ రక్తం కలిపాడు, ముద్దకట్టలేదు. పసుపు రంగు యాంటీ-బిలోనూ కట్టలేదు. రంగులేని యాంటీ-డిలో కట్టింది. అంటే ఓ పాజిటివ్, మన దగ్గర ఎంతోమందికి ఉండే గ్రూపు. తీరా క్రాస్‌మ్యాచ్ దగ్గర కథ మారింది. రోగి సీరంలో దాత ఎర్రకణాలు వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. సరిపడే రక్తమైతే ట్యూబు కదపగానే కణాలు విడివిడిగా నీళ్ళలో కలిసిపోతాయి. ఇక్కడ అడుగున ఒకటే ముద్ద. రెండో సంచి నుంచి తీసి చూశాడు, ముద్ద. మూడోదీ అంతే. ఆవిడ సీరంలో ఆవిడ కణాలే వేస్తే మాత్రం ఏమీ లేదు.

అప్పుడు ఆ కుర్రాడు చేసిన పనికి అతన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. వెనక్కి వెళ్ళి రివర్స్ గ్రూపింగ్ చేశాడు. అంటే కణాల్ని కాకుండా సీరాన్ని పరీక్షించడం. ఓ గ్రూపు మనిషి సీరం ఎ కణాల్నీ బి కణాల్నీ ముద్దకట్టిస్తుంది, ఓ కణాల జోలికి పోదు. ఈవిడ సీరం ఓ కణాల్ని కూడా వదల్లేదు. టైల్ మీద మూడు బొట్లతో సరిపెట్టుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. స్కూలు గుర్తింపు కార్డుల మీదా, లైసెన్సుల మీదా మనం మోసుకు తిరిగే గ్రూపులు ఎన్నో ఆ మూడు బొట్లతో తేలినవే. ఓ అని తేలిన ప్రతి నమూనాకీ సీరం వైపు నుంచి కూడా చూడాల్సిందే. ఈ మాట మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి విసుగొచ్చేదాకా చెబుతుంటాను.

నాకు అనుమానం వచ్చింది. రూఢి చేసుకునే ముందు ఆవిడతో మాట్లాడదామని వెళ్ళాను.

"మామ్మగారూ, ఇదివరకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?"

"లేదమ్మాయ్."

"ఆపరేషన్లేమైనా అయ్యాయా?"

"గర్భసంచి తీశారు, రాయవేలూరులో. ఎప్పటి మాటో. అప్పుడూ రక్తం అవసరం రాలేదు."

"మీ గ్రూపేంటో తెలుసా?"

నొప్పితో మూలుగుతున్న మనిషి ఆ ప్రశ్నకి తల కాస్త ఎత్తింది. "ఎందుకు తెలీదూ? ఓ. మా ఇంట్లో అందరిదీ ఓ. నాదీ, మా ఆయనదీ, మా అబ్బాయిదీ. మా ఆయన నాకు స్వయానా మేనమామ. మా అమ్మదీ మేనరికమే. మా రక్తం గడప దాటలేదమ్మాయ్."

"కోడలుగారు రాలేదా?"

"ఆ మంచినీళ్ళు ఇలా అందుకో" అంది.

నీళ్ళు తాగించి, అసలు సంగతి మెల్లగా చెప్పాను. మీ రక్తం చాలా అరుదైనదిలా ఉంది, మామూలు ఓ పడదు, తోబుట్టువులుంటే వాళ్ళకీ, లేకపోతే మీ అబ్బాయికీ పరీక్ష చేయాలి, సరిపడితే ఆయన రక్తమే తీసుకోవచ్చు అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"వాడి జోలికి వెళ్ళొద్దు. కన్నకొడుకు నెత్తురు తాగమంటావా నన్ను? వాడికసలే ఒంట్లో బాగోదు. ఇంకెవరిదైనా తెప్పించండి. దొరక్కపోతే మానెయ్యండి. డెబ్బై దాటాయి, పోతే పోతాను."

తల్లి మనసు అనుకున్నాను. ఇలాంటి తల్లుల్ని బ్లడ్ బ్యాంకులో చాలామందినే చూస్తాం.

గోర్స్ అనే ముళ్ళపొద గింజల నుంచి తీసే యాంటీ-హెచ్‌తో ఆ సాయంత్రం పరీక్షించాం. ఓ కణాలు అందులో గట్టిగా ముద్దకట్టాలి. ఆవిడ కణాలు కట్టలేదు. బాంబే గ్రూపు.

బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు కనిపెట్టి 1952లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మన దేశంలో సుమారు పదివేల మందికి ఒకరు ఉంటారు, యూరప్‌లో పది లక్షలకి ఒకరు దొరకడం కష్టం. ఎ అయినా బి అయినా హెచ్ అనే పునాది మీద లేచే గోడలు. అందరికీ ఆ పునాది ఉంటుంది, ఓ వాళ్ళకి కూడా. వాళ్ళకి లేనిది గోడే. బాంబే గ్రూపు వాళ్ళకి పునాదే లేదు. పునాది లేనప్పుడు గోడ కట్టే మేస్త్రీ ఇంట్లోనే ఉన్నా గోడ లేవదు. పరీక్షలో చూస్తే ఓ లాగే కనిపిస్తారు. కానీ లోపల మేస్త్రీ ఉన్నాడుగా, అతను పిల్లలకి వెళ్తాడు. రెండోవైపు నుంచి పిల్లలకి పునాది అందిందా, గోడ లేస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ లోపాన్ని మోస్తుంటేనే బిడ్డకి బాంబే గ్రూపు వస్తుంది. అందుకే మేనరికాలున్న ఇళ్ళలో దీనికి అవకాశం ఎక్కువ.

ఆవిడ తోబుట్టువుల్లో మిగిలింది ఒక్క తమ్ముడు. ఆయనది మామూలు ఓ. ఇక కొడుకే. ఆవిడ వద్దన్నదని ఆయనకి తెలిసినా, తనే వచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. యాభై ఏళ్ళ మనిషి, హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాటకి ముందు ఆలోచించే రకం. ఆయన ట్యూబులోనూ అదే ముద్ద, అదే మౌనం. తల్లీకొడుకులు ఇద్దరిదీ బాంబే గ్రూపే.

మాస్టారు మొహం వెలిగింది. "అయితే నా రక్తం అమ్మకి పడుతుందన్నమాట."

పడుతుందిగానీ తిన్నగా ఎక్కించకూడదని చెప్పాల్సి వచ్చింది. దగ్గరి చుట్టాల రక్తంలోని తెల్లకణాల్ని రోగి శరీరం పరాయివని పోల్చుకోలేకపోవచ్చు. అవి లోపల పాతుకుపోయి రోగి మీదే తిరగబడతాయి. అరుదే అయినా, వచ్చిందంటే బతికించడం చాలా కష్టం. అందుకని ఆ రక్తానికి ముందు రేడియేషన్ ఇవ్వాలి. ఆ యంత్రం మా ఊళ్ళో లేదు, సంచిని పెద్ద ఊరు పంపి తెప్పించాలి. సొంత రక్తం కన్నా పరాయివాడి రక్తమే క్షేమం అంటే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. మాస్టారు మాత్రం తలూపి, "పంపండి మేడమ్" అన్నాడు.

రక్తం ఇచ్చేవాళ్ళని మాటల్లో పెట్టడం మా అలవాటు. చూపు సూది మీదికి పోకుండా. లెక్కల మాస్టారు కదా, లెక్క తప్పిన కథ ఒకటి చెబుదామని చార్లీ చాప్లిన్ కేసు ఎత్తుకున్నాను. 1943లో ఒక యువనటి తన బిడ్డకి చాప్లినే తండ్రి అని లాస్ ఏంజెలెస్‌లో కోర్టుకెక్కింది. మరుసటి ఏడు డాక్టర్లు ముగ్గురి రక్తమూ చూశారు. తల్లిది ఎ, బిడ్డది బి, చాప్లిన్‌ది ఓ. ఆ బి ఇద్దరి దగ్గర నుంచీ రాలేదు కాబట్టి చాప్లిన్ తండ్రి కాదన్నారు. అక్కడి చట్టం అప్పటికి రక్తపరీక్షని ఆఖరిమాటగా ఒప్పుకోలేదు. మొదటి జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది. 1945లో రెండో జ్యూరీ పన్నెండు మందిలో పదకొండుగురు ఆయనే తండ్రి అన్నారు. బిడ్డకి ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా పోషణ ఖర్చు కట్టమని తీర్పు. కాలిఫోర్నియా తన చట్టాన్ని మార్చుకున్నది 1953లో.

"వాళ్ళు పరీక్షని అసలు నమ్మలేదు మాస్టారూ. మనవాళ్ళేమో టైల్ మీద మూడు బొట్లు చూసి వేదవాక్కులా నమ్మేస్తారు. నాకైతే రెండోదే ఎక్కువ భయం. ఇప్పుడు మీ సంగతే చూడండి. మీ కార్డు మీద ఓ అనే ఉంది. మీ అమ్మగారి నుంచి వచ్చిన ఎ గానీ బి గానీ మీలో దాక్కుని ఉంటే, భార్యది ఓ అయినా సరే మీకు పుట్టే బిడ్డ ఎ కావచ్చు, బి కావచ్చు. మీ పిల్లల గ్రూపులేంటి?"

"పిల్లల్లేరండీ."

కాసేపు సంచి నిండటమే చూశాడు. తర్వాత, "బి కావచ్చా?" అన్నాడు.

ఎ గురించి అడగలేదు.

"కావచ్చు. నూటికి నూరుపాళ్ళు కావచ్చు" అన్నాను.

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు తెల్లబడ్డాయి. రక్తం ఇచ్చేటప్పుడు కొందరికి ఇలా కళ్ళు తిరుగుతాయి. గబగబా కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు పైకెత్తి, సూది తీసేశాను. అప్పటికే సంచి నిండింది. ఫ్రూటీ చేతికిస్తే స్ట్రా గుచ్చడం చేతకాలేదు ఆయనకి. నేనే గుచ్చి ఇచ్చాను.

రెండో యూనిట్ ఇంకో జిల్లా నుంచి వచ్చింది. బాంబే గ్రూపు దాతల జాబితాలో ఉన్న ఒక కుర్రాడు రాత్రి రైలెక్కి, పొద్దున్నే స్టేషన్ నుంచి తిన్నగా మా దగ్గరికి వచ్చాడు. ఆవిడెవరో అతనికి తెలియదు, అడగనూ లేదు. రక్తమిచ్చి, ఇడ్లీ తిని, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయాడు. దారి ఖర్చులు ఇవ్వబోతే నవ్వాడు. ఇలాంటివాళ్ళ గురించి ఎవరైనా తీరిగ్గా రాయాలి. ముందు ఎక్కించింది ఆ కుర్రాడి రక్తమే.

ఆపరేషన్ జరుగుతుండగా మాస్టారు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"నిన్న అబద్ధం చెప్పాను మేడమ్. పాప ఉంది. 2001 ఆగస్టులో పుట్టింది."

మాస్టారు చేసుకున్నది బయటి సంబంధం. తమ్ముడి కూతుర్ని చేసుకోమని తల్లి పట్టుబట్టినా ఈయన వినలేదట. భార్యది ఓ నెగెటివ్. నెగెటివ్ తల్లికి కాన్పయితే బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు చూస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి మూడు రోజుల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వెయ్యాలి కాబట్టి. చూశారు. బి పాజిటివ్. పుట్టింటి నుంచి వచ్చిన ఆ కాగితం అత్తగారి చేతిలో పడింది.

"ఓ కి ఓ కలిస్తే ఓ. సున్నాకి సున్నా కలిపితే సున్నాయే కదా అనుకున్నాను. ఇంట్లో అందరికీ వినపడేలా ఆ కాగితం చదివింది అమ్మే. నేను బారసాలకి కూడా వెళ్ళలేదు. మా ఆవిడ ఒక్కటే అడిగింది. మీ ఇంట్లో అందరికీ ఇంకోసారి పరీక్ష చేయించండి, మీకీ మీ అమ్మగారికీ, అంది. మా రక్తానికి పరీక్షేంటని అమ్మ మండిపడింది. ఊరుకున్నాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది మేడమ్? ఆవిడ ఇంకోసారి అడగలేదు. కుట్టుమిషన్ మీద పిల్లని చదివించిందట. ఫార్మసీ అని ఎవరో అన్నారు. నేను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అదేదో ఆవిడ మీద దయ అనుకున్నాను ఇన్నాళ్ళూ." కాస్త ఆగి, "అంటే పాప నా బిడ్డేనా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి తొందరపడి జవాబు చెప్పకూడదు. గ్రూపు చూసి ఫలానావాడే తండ్రి అని ఎవరూ చెప్పలేరు. కాదనడానికి మీరు పట్టుకున్న కారణం మాత్రం ఇక లేదు, అది ఏనాడూ లేదు, అన్నాను. తేల్చుకోవాలంటే డీఎన్ఏ పరీక్ష ఉంది. అయితే ఈసారి అడగాల్సింది పరీక్షల్ని కాదు, ఆ తల్లినీ పిల్లనీ. అడిగించుకోవడం వాళ్ళకి ఇష్టమో లేదో కూడా వాళ్ళే చెప్పాలి.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజుకి వాకర్ పట్టుకుని నిలబెట్టారు. బాంబే గ్రూపు అని ఎర్ర అక్షరాలతో రాసిన కార్డు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఎక్కడికెళ్ళినా వెంట ఉండాలి మామ్మగారూ, పొరపాటున ఎవరైనా మామూలు ఓ ఎక్కిస్తే ఎర్రకణాలు విచ్ఛిన్నమై ప్రాణం మీదికి వస్తుంది, అని చెప్పాను. ఆవిడ కార్డు వంక చూడలేదు.

"వాడికి చెప్పేశావా?"

"ఆయనదీ ఇదే రక్తం కదా. చెప్పకుండా ఎలా?"

చాలాసేపు పైనున్న ఫ్యాన్‌నే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు అడిగింది. "ఇది ఇప్పుడే కొత్తగా వచ్చిందని రాస్తావా అమ్మాయ్? వయసు మీద పడ్డాక ఇలా అయిందని?"

"గ్రూపు పుట్టుకతో వచ్చేది మామ్మగారూ. మధ్యలో మారదు."

ఆ అడగడం చూసి జాలేసింది నాకు. తెలియక నోరు జారిన మాటకి ఇరవై ఏళ్ళ పైబడ్డాక చేతికి చిక్కిన ఏ పుల్లనో పట్టుకుంటోంది పాపం అనుకున్నాను. మీకు అప్పుడు తెలియదు కదా అని ఓదార్చాను కూడా.

డిశ్చార్జి ముందురోజు మాస్టారు ఊరెళ్ళి వచ్చాడు. తల్లి ఆధార్ కార్డు కోసం ఆవిడ బీరువా తెరిచాడట. పట్టుచీరల అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, అందులోంచి ఒక కార్డు తీసి నా ముందుకి జరిపాడు. ఏమీ అనలేదు.

రాయవేలూరు కార్డు. మడతల దగ్గర చిరుగుపట్టింది. ఆవిడ పేరు, భర్త పేరు, గర్భసంచి ఆపరేషన్ కోసం చేరినట్టు రాసి ఉంది. రక్తం గ్రూపు అన్నచోట ఓ లేదు. బాంబే అని ఉంది, కింద రెండు గీతలు. ఏ ఆస్పత్రికి వెళ్ళినా ముందు ఈ కార్డు చూపించాలి అని అచ్చులో ఉంది. దాని పక్కన ఎవరో డాక్టరు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాడు, గొలుసుకట్టు రాత, అయినా చదవడానికి వీలుగానే ఉంది. కొడుక్కి కూడా పరీక్ష చేయించాలి. అతనికీ ఇదే గ్రూపైతే, పుట్టే పిల్లల గ్రూపు లెక్కకి అందకుండా రావచ్చు. అందుకు ఎవర్నీ అనుమానించకూడదు. ఈ విషయం రోగికి తెలుగులో వివరించాం, అర్థమైందని చెప్పారు.

దాని కింద, పొందికైన తెలుగు అక్షరాల్లో, ఆవిడ సంతకం. తేదీ 1994 మార్చి 11.